నూటికి పంతొమ్మిది

కుంచె బాబాయి ఎనిమిది అంకె రాస్తుంటే దారిన పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చాలామంది పెయింటర్లు రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి పెట్టి ఎనిమిది అనిపించేస్తారు. ఆయన అలా కాదు. పైన మొదలుపెట్టి, నడుము దగ్గర సన్నగా తిప్పి, కింద కాస్త బరువు దింపి, కుంచె ఎత్తకుండా మళ్ళీ పైకి తెచ్చి కలిపేవాడు. అది పూర్తయ్యేదాకా ఎవరేం అడిగినా పలికేవాడు కాదు.

ఒకప్పుడు ఆ బజారులో సగం బోర్డులు ఆయన చేతివే. అందుకే అందరికీ బాబాయి అయ్యాడు. తర్వాత ఫ్లెక్స్ మిషన్ వచ్చింది. గంటలో బోర్డు, పావు వంతు ఖర్చు, పైగా రంగుల ఫొటో. ఒక్కొక్క కొట్టే అటు మళ్ళింది. చివరికి ఆయనకు మిగిలినవి ఆస్పత్రి గదుల నంబర్లు, స్కూలు బెంచీల మీద అంకెలు, గోడల మీద ‘ఇక్కడ బళ్ళు ఆపరాదు’ లాంటి హెచ్చరికలు. నెలలో పది రోజులు పని ఉంటే అది మంచి నెల కింద లెక్క.

ఇల్లు నడిచేది భార్య జీతంతో. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ‘పీల్చండి, బిగబట్టండి, వదలండి’ అని రోజుకు అరవై మందికి చెప్పే అలవాటు వల్ల ఇంట్లోనూ అదే గొంతుతో ‘కడుక్కోండి, కూర్చోండి, తినండి’ అంటుంది. ముందు గదిలో ఆవిడ తల్లి, అంటే బాబాయి అత్తగారు, ఉంటుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఏళ్ళు ఆపరేటరుగా చేసిన మనిషి. వయసు డెబ్బై నాలుగు. మోకాళ్ళు మొరాయించాయి గానీ గొంతు మాత్రం గంటలా ఖంగుమంటుంది.

ఏడాదికి ఒక ఆదివారం ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడుకునేవాళ్ళు కాదు. అది భార్య ఆదాయపు పన్ను ఫారం నింపే రోజు. పద్నాలుగు పేజీల ఫారం. భోజనాల బల్ల నిండా కాగితాలు పరిచి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, మధ్యాహ్నం దాకా దానితో కుస్తీ పట్టేది. ఆరో పేజీలో ‘ఆధారపడినవారు’ అని ఒక గడి ఉంటుంది. మొదట్లో అందులో తల్లి పేరొక్కటే ఉండేది. ఫ్లెక్స్ వచ్చి బాబాయి సంపాదన పడిపోయాక, తల్లి పేరు కింద మొగుడి పేరూ రాయాల్సి వచ్చింది.

“మీ పేరు రాస్తే నాకు పన్ను కొంత తగ్గుతుందండీ,” అంది మొదటిసారి మొహమాటంగా.

“రాయి. దానికేముంది?” అన్నాడాయన, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆవిడ అడగలేదు, ఆయనా మాట్లాడలేదు. ఫారం తీసిన రోజు మాత్రం కుంచెలు కడుక్కోవాలంటూ ఆయన పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. అప్పటికే కడిగి ఆరబెట్టిన కుంచెలను మళ్ళీ కడిగేవాడు.

అలాంటి ఇంట్లో ఒక ఉదయం కాఫీ తాగుతుండగా టీవీలో వార్త వచ్చింది. వచ్చే ఏడాది మొదటి తేదీ నుంచి మనుషుల ఆదాయం మీద పన్ను ఉండదట. దాని బదులు ఏ వస్తువు కొన్నా, ఎవరితో ఏ పని చేయించుకున్నా, అమ్మిన చోటే పన్ను పడుతుందట. సబ్బుకైనా సోఫాకైనా ఒకటే రేటు, నూటికి పదిహేడు.

“అయితే నా జీతంలో కోత ఉండదన్నమాట!” అని భార్య కప్పు కింద పెట్టేసింది.

“నీకు ఉండదు తల్లీ. నా సంగతేంటి?” అంది అత్తగారు. “ముప్ఫై ఏళ్ళు జీతం మీద కట్టాను. కట్టగా మిగిలింది దాచుకున్నాను. ఇప్పుడు అందులోంచి తీసి మాత్రలు కొనుక్కుంటే మళ్ళీ పదిహేడా? ఒకే తలకి రెండుసార్లు క్షవరమా?”

“నీ మాత్రలు నేను కొంటాలే అమ్మా. నాకు మిగులుతుందిగా.”

“నీ ముందు చెయ్యి చాపడానికేనా నేను అన్నేళ్ళు ఉద్యోగం చేసింది?”

“మీరేమంటారండీ?” అని భార్య ఆయనవైపు తిరిగింది.

“అనడానికేముంది? రంగు డబ్బా ధర పెరుగుతుంది,” అన్నాడు కుంచె బాబాయి. లోపల మాత్రం వేరే ఆలోచన నడుస్తోంది. పన్ను లేకపోతే ఫారం ఉండదు. ఫారం లేకపోతే ఆ గడీ ఉండదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ ఆ రోజు రెండో కప్పు కాఫీ అడిగి మరీ తాగాడు.

అత్తగారు మాటలతో ఊరుకోలేదు. పన్ను పడకముందే కొనేయాలని మూడేళ్ళకు సరిపడా సబ్బులు తెప్పించింది. అవి ఆవిడ మంచం కింద పట్టక, టీవీ వెనకా, చెప్పుల అరలోనూ చేరాయి. నెలరోజులు ఆ ఇంటి కాఫీ కూడా సబ్బు వాసనే వేసింది.

కొత్త చట్టంలో ఒక నియమం ఉంది. ప్రతి కొట్టూ ధరల బోర్డు పెట్టాలి. పన్ను కలిపిన మొత్తం ధర పెద్దగా, అందులో పన్ను ఎంతో దాని పక్కన చిన్నగా కనబడాలి. మొదటి తేదీకి బోర్డు లేకపోతే జరిమానా. బజారంతా ఫ్లెక్స్ షాపుకు పరిగెత్తింది. మిషన్‌కు ఊపిరి సలపలేదు. మూడు వారాలు తిరిగేసరికి సగం కొట్లలో పదిహేడు చొప్పున లెక్కగట్టిన బోర్డులు తళతళలాడాయి.

అప్పుడు చట్టసభలో గొడవ మొదలైంది. పదిహేడు చాలదన్నారు. ఇరవై ఒకటి చేశారు.

వేలాడుతున్న బోర్డులన్నీ ఒక్కరోజులో చిత్తుకాగితాలయ్యాయి. మళ్ళీ వేయించుకోవాలంటే మళ్ళీ ఖర్చు. పైగా ఇరవై ఒకటైనా నిలుస్తుందన్న నమ్మకం ఎవరికీ లేదు. ఆ సాయంత్రం బేకరీ ఆయన కుంచె బాబాయి ఇంటికి వచ్చాడు.

“బాబాయ్, ఫ్లెక్స్ మీద అంకెలు చెరిపి రాయడం అవుతుందా?”

“అవదు. రంగు పట్టదు, రెండు రోజుల్లో పెచ్చులూడుతుంది. రేకు బోర్డు అయితే రాస్తాను.”

“మళ్ళీ రేటు మారిస్తే?”

“అంకె మీద ఒక పూత కొట్టి, ఆరాక కొత్తది రాస్తాను. పేర్లు అలాగే ఉంటాయి. మారేది అంకెలేగా. బోర్డంతా ఎందుకు మార్చడం?”

బేకరీ ఆయన నుదురు కొట్టుకుని, “ఇంత చిన్న విషయం మాకెవరికీ తట్టలేదేంటి?” అన్నాడు.

వారం తిరక్కుండా ఆ విషయం బజారంతా పాకింది. సెలూన్ ఆయన వచ్చాడు. మందుల షాపావిడ వచ్చింది. సైకిళ్ళు బాగుచేసేవాడు, టైలరు, బట్టల ఇస్త్రీ కొట్టు, కళ్ళజోళ్ళ షాపు, అందరూ వచ్చారు. అటక మీది నిచ్చెన కిందికి దిగింది. గట్టిపడిన కుంచెలు పోయి కొత్తవి వచ్చాయి. పొద్దున్నే ఏడింటికి డబ్బాలు తీసుకుని బయల్దేరితే చీకటి పడే వేళకు ఇల్లు చేరేవాడు. చేతి వేళ్ళ సందుల్లో ఎర్రరంగు ఎప్పుడూ వదిలేది కాదు. భార్య ఆస్పత్రికి వెళ్తూ దారిలో నిచ్చెన మీద ఆయన కనబడితే కింద నుంచే, “పీల్చండి, బిగబట్టండి,” అని వెళ్ళిపోయేది. నిచ్చెన ఊగేంతగా నవ్వేవాడు.

బోర్డు రాయించుకునే ప్రతివాడికీ ఒక పేచీ ఉండేది. టీ కొట్టు ఆయన పన్ను అంకె వీలైనంత పెద్దగా రాయమన్నాడు. “తిట్టుకుంటే వాళ్ళనే తిట్టుకోవాలి గానీ నన్ను కాదు,” అన్నాడు. మందుల షాపావిడ అది కనీకనబడనట్టు రాయమంది. “అసలే జ్వరంతో వస్తారు, అది చూస్తే ఇంకో డిగ్రీ పెరుగుతుంది,” అంది. కుంచె బాబాయి ఇద్దరికీ ఒకే కొలతలో రాశాడు. పన్ను అంకె ధర ఎత్తులో సగం ఉండాలని చట్టంలో ఉంది. ఆయన స్కేలు పెట్టి గీత గీసుకున్నాకే కుంచె ముంచేవాడు. పాత సైకిళ్ళ బేరం చేసేవాడు మాత్రం హుషారుగా ఉన్నాడు. ఒకసారి అమ్ముడైపోయిన వస్తువుకు మళ్ళీ పన్ను లేదట. “నాకు అడ్డగీత చాలు బాబాయ్,” అని పన్ను గడి మొత్తం ఒకే గీత గీయించుకున్నాడు.

తొందరలో ఒకరోజు తప్పు జరిగింది.

బేకరీ బోర్డులో పెద్ద కేకు ధర ఆఖరి నిమిషంలో మార్చాల్సి వచ్చింది. బేకరీ ఆయన చిన్న చీటీ మీద 89 అని రాసి నిచ్చెన పైకి అందించాడు. బాబాయి దాన్ని నిచ్చెన మెట్టుకు అంటించి, పక్కన ఉన్న వరస పూర్తిచేసి, తిరిగి చూసి 68 అని రాసేశాడు. చీటీ తలకిందులుగా అంటించిన సంగతి గమనించలేదు. ఎనభై తొమ్మిదిని తిరగేస్తే అరవై ఎనిమిది అవుతుంది మరి. పక్కన పన్ను ఎంతో బేకరీ ఆయన చెప్పినట్టే రాశాడు. రెండూ పొంతన లేకపోయినా ఎవరూ చూసుకోలేదు.

మర్నాడు పొద్దున ఆయన సెలూన్ దగ్గర పనిలో ఉండగా ఫోను మోగింది.

“బాబాయ్, నా కొట్టు ముందు నలభై మంది ఉన్నారు. కేకు అరవై ఎనిమిదికే ఇమ్మంటున్నారు. బోర్డులో రాసిందే ధర అని చట్టమట.”

కుంచె బాబాయి చేతిలోని కుంచె సెలూన్ కుర్చీలోనే వదిలేసి పరిగెత్తాడు. జనం మధ్య నుంచి దారి చేసుకుని, బోర్డు కింద నిలబడి, తన చేత్తో తాను రాసిన అంకెలను చూశాడు. చక్కగా, ఒక్క వంకా పెట్టడానికి వీల్లేకుండా ఉన్నాయి. అదే మరీ బాధగా అనిపించింది.

“తేడా ఎంతైతే అంత నేనిస్తాను. తప్పు నాది,” అన్నాడు.

బేకరీ ఆయన కేకులు డబ్బాల్లో పెడుతూనే తల అడ్డంగా ఊపాడు. “మధ్యాహ్నం దాకా ఇదే ధరకు అమ్ముతాను. మీరేం ఇవ్వక్కర్లేదు. నా కొట్టు ముందు ఇంతమంది ఎప్పుడు నిలబడ్డారు చెప్పండి? పన్నెండింటికి వచ్చి మార్చండి చాలు.”

మార్చి వచ్చాడు గానీ ఆ సాయంత్రం ఆయనకు ముద్ద దిగలేదు. “వయసైపోయింది నాకు,” అన్నాడు పళ్ళెం ముందు కూర్చుని. “పేర్లు తప్పు రాస్తే నవ్వి ఊరుకుంటారు. అంకె తప్పితే కొట్టు మునుగుతుంది. రేపటి నుంచి ఒప్పుకోను.”

భార్య ఏదో అనబోయింది. ముందు గదిలోంచి అత్తగారు అందుకుంది.

“వయసు సంగతి నా ముందు మాట్లాడకండి అల్లుడుగారూ. చూస్తూ రాయడం వల్ల వచ్చిన తప్పు అది. మా ఎక్స్ఛేంజిలో ఒకరు చదివితే ఒకరు రాసేవాళ్ళం. రాసినవాళ్ళు తిరిగి అప్పజెప్పాలి. ముప్ఫై ఏళ్ళలో నా చేతి మీదుగా ఒక్క నంబరు తప్పు పోలేదు. కుర్చీ వెయ్యండి, నేను చదువుతాను.”

“మీ మోకాళ్ళతోనా అత్తయ్యగారూ?”

“చదివేది మోకాళ్ళతో కాదుగా!”

మర్నాటి నుంచి బజారు ఒక వింత చూసింది. నిచ్చెన పక్కన మడత కుర్చీ. అందులో ఒళ్ళో ధరల జాబితాతో, ఎండ పడకుండా గొడుగుతో అత్తగారు. చెప్పులు కుట్టేవాడి బోర్డు దగ్గర ఆవిడ, “ఎక్కువ మందం సోల్. ఒకటి. రెండు. ఏడు. అప్పజెప్పండి,” అంటే పైనుంచి ఆయన, “ఒకటి, రెండు, ఏడు,” అనాలి. అనకపోతే ఆవిడ తర్వాతి అంకె చెప్పదు. “లైను తెగింది, మళ్ళీ చెప్పండి,” అని గదమాయిస్తుంది. ఆవిడ గొంతు బజారు ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేది. టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన వచ్చి, “ఈ గొంతు నేను పాతికేళ్ళ క్రితం ఫోన్లో విన్నానండీ. ‘వేచి ఉండండి’ అనేవారు మీరే కదూ?” అని అడిగాడు. ఆవిడ సిగ్గుపడడం కుంచె బాబాయి అదే మొదటిసారి చూడడం.

వారం చివర ఆయన ఆవిడ చేతిలో కూలి పెట్టాడు. ముందు వద్దంది. “ఇది మీ అమ్మాయిది కాదు, మీరు చేసిన పనికి,” అంటే తీసుకుంది. ఆ సాయంత్రమే తన మాత్రలు తనే కొనుక్కుని వచ్చింది.

కొత్త ఏడాదికి పదకొండు రోజులు ఉందనగా సభ మళ్ళీ కూర్చుంది. ఇటు పదిహేడువాళ్ళూ, అటు ఇరవై ఒకటివాళ్ళూ వాదించి వాదించి, మధ్యలో నూటికి పంతొమ్మిది దగ్గర రాజీపడ్డారు. ఈసారి అదే ఖాయమన్నారు. అంటే నూట ముప్ఫై కొట్ల అంకెలు మళ్ళీ రాయాలి. భార్య ఆస్పత్రిలో నాలుగు రోజులు సెలవు పెట్టింది. ఆవిడ ముందు వెళ్ళి పాత అంకెల మీద పూత కొట్టేది. ఎక్స్‌రే గదిలో మనుషుల్ని కదలకుండా నిలబెట్టడం అలవాటైన చేతులు, గీత దాటకుండా పూత వేసేవి. వెనకాల ఆయన, ఆయన పక్కన అత్తగారు. ముగ్గురూ ఏదో ఒక కొట్టు మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుకుని తినేవాళ్ళు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వరసగా నాలుగు రోజులు మధ్యాహ్నం భోజనం కలిసి చేయడం అదే మొదటిసారని భార్య అంది. ఏడాది ఆఖరి రోజు ఎండ ఉండగానే చివరి బోర్డు పూర్తయింది.

మొదటి తేదీన ఆకాశమేమీ విరిగిపడలేదు. జనం బోర్డుల ముందు నిలబడి పెదాలు కదుపుతూ చదివారు. కొందరు కొనకుండా వెళ్ళిపోయారు. మొదటి నెల బేకరీలో కేకులు తగ్గి రొట్టెలు పెరిగాయి. సైకిళ్ళు బాగుచేసేవాడి దగ్గర, చెప్పులు కుట్టేవాడి దగ్గర మాత్రం వరస కట్టారు. కొత్తది కొనేకంటే పాతది బాగుచేయించుకుంటే నయమనిపించింది అందరికీ. నెలాఖరున భార్య కోతలేని జీతం చీటీ తెచ్చి ఫ్రిజ్‌కు అంటించింది. ఎదురుగా సరుకుల బిల్లు అంటించింది అత్తగారు. రెంటినీ చూసి ఎవరు గెలిచారో తేలక, ఆ సంగతి అక్కడితో వదిలేశారు.

అయితే పాత పన్ను అప్పటికి పూర్తిగా పోలేదు. వెళ్ళిపోయిన ఏడాది సంపాదనకు ఆఖరిసారి ఫారం నింపాలి. ఆ ఆదివారం భార్య కాగితాలు పరిచింది. కుంచె బాబాయి అలవాటుగా పెరట్లోకి లేచాడు.

“ఎక్కడికి? కూర్చోండి,” అంది ఆవిడ ఎక్స్‌రే గొంతుతో.

ఆయన కూర్చున్నాడు. బోర్డుల మీద ఆరు నెలల్లో ఆయన సంపాదించిందంతా ఆవిడ రెండుసార్లు కూడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి కూడింది.

“ఏమండీ, మీ సంపాదన పరిమితి దాటింది. నా ఫారంలో మీ పేరు రాయడానికి వీల్లేదు. మీరే వేరే ఫారం వెయ్యాలి. పన్ను కూడా కట్టాలి.”

“నేనా?”

“మీరే. ఎత్తేసిన పన్ను.”

అత్తగారు ముక్కు మీద వేలేసుకుంది. “చచ్చిపోయిన పన్నుకి ఎదురెళ్ళి కడతారా ఎవరైనా? ఒక్క నెల ఆగి రాసి ఉంటే బోలెడు మిగిలేది కదా!”

కుంచె బాబాయి వినడం లేదు. భార్య ఫారం ఆరో పేజీని తదేకంగా చూస్తున్నాడు. ఆవిడ ‘ఆధారపడినవారు’ గడిలో తల్లి పేరు రాయబోయింది.

“నా పేరెందుకు? నేను మాత్రం సంపాదించడం లేదా?” అంది తల్లి.

భార్య నవ్వి, ఆ గడిలో ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా ఒక గీత గీసింది. కుంచె బాబాయి లేచి వెళ్ళి ముగ్గురికీ తనే కాఫీ పెట్టుకొచ్చాడు. చక్కెర వేయడం మరచిపోయాడు, అయినా ముగ్గురూ అలాగే తాగేశారు.

పన్ను ఆఫీసులో సగం గదులు అప్పటికే ఖాళీ. బీరువాలు వరండాలోకి చేరాయి. ఒక్క కిటికీ దగ్గరే ఒకావిడ కూర్చుని ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన కుంచె బాబాయిని, ఆయన ఫారాన్ని మార్చి మార్చి చూసింది.

“వృత్తి?”

“బోర్డు పెయింటర్‌ని.”

“ఇదివరకు ఎప్పుడైనా కట్టారా?”

“లేదమ్మా, ఇదే మొదలు.”

“ఇదే ఆఖరు కూడా. అందరూ చిరాకుపడుతూ కడతారు. మీరేంటండీ నవ్వుతున్నారు?”

“అలవాటు లేదు కదమ్మా, అందుకని,” అన్నాడు.

ఆవిడ స్టాంపు వేసి రసీదు ఇచ్చింది. మెట్లు దిగుతూ ఒకసారి, బస్సులో ఒకసారి తీసి చదువుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఫ్లెక్స్ షాపు యజమాని ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. పదిహేడు రేటు బోర్డులూ, ఇరవై ఒకటి రేటు బోర్డులూ వెనక్కొచ్చి అతను బాగా దెబ్బతిన్నాడని బజారులో అందరికీ తెలుసు.

“మీకు నా మీద కోపం ఉంటుంది బాబాయ్,” అన్నాడు నిలబడే.

“మొదటి రెండేళ్ళూ రోజూ తిట్టుకున్నాను. తర్వాత ఓపిక లేక మానేశాను. కూర్చో.”

అతను కూర్చున్నాడు. కొట్టు పేరు, బొమ్మలు తను ఫ్లెక్స్ మీద వేస్తాడట. ధరల చోట రేకు పట్టీ బిగిస్తాడట. అందులో అంకెలు బాబాయి రాయాలి. ధర మారినప్పుడల్లా ఆయనే మార్చాలి. కుంచె బాబాయి ఎక్కువ ఆలోచించలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఆ రేకు పట్టీలు మనిషి ఎత్తులో బిగించాలి, ఎందుకంటే చదివే అత్తగారికి మెడ పైకెత్తి సరిచూడడం కష్టం.

ఆ బేరం నిలిచింది. పెద్ద సంపాదన కాదు గానీ వారానికి నాలుగు రోజులు పని తప్పకుండా ఉంటోంది. మిగతా రోజుల్లో నిద్రపోతాడు, లేదా భార్యకు సెలవైతే ఇద్దరూ ఊరికే బజారంతా తిరిగి వస్తారు.

అత్తగారు కూడబెట్టిన కూలితో ఒకరోజు కూతుర్నీ అల్లుణ్ణీ వెంటబెట్టుకుని చెప్పుల షాపుకు వెళ్ళింది. మెత్తటి అడుగున్న జత ఒకటి ఏరింది. బోర్డు మీద ధర పైకి చదివింది. పక్కన ఉన్న పన్ను ఇంకా పైకి చదివింది. “ఇది నేను ఒకసారి కట్టేశానయ్యా, ముప్ఫై ఏళ్ళు,” అని షాపతనితో కాసేపు వాదించింది. అతను పాపం చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. చివరికి లెక్క ప్రకారం మొత్తం ఇచ్చేసి, పాత చెప్పులు సంచీలో వేయించుకుని, కొత్తవి తొడుక్కుని బయటికి నడిచింది. కూతురూ అల్లుడూ అందుకోవడానికి అడుగులు కాస్త పెద్దవి వేయాల్సి వచ్చింది.